సెల్ఫ్ పేస్డ్ అరిథ్మెటిక్ కోర్సు రెండు వారాల్లో అవుతుందా?

ప్రశ్న: అందరికీ నమస్కారం అండి. ఈమధ్యే హెచ్4 డిపెండెంట్ వీసా మీద అమెరికా వచ్చాను. నర్సింగ్ కోసం కమ్యూనిటీ కాలేజీలో, ఏ స్థాయి కోర్సులో వేయాలో తేల్చే ప్లేస్‌మెంట్ పరీక్ష రాస్తే బేసిక్ అరిథ్మెటిక్‌లో వేశారు, అదీ సెల్ఫ్ పేస్డ్. పదో తరగతి దాకా తెలుగు మీడియం. రెండు వారాల్లో ముగించవచ్చా?

జవాబు: ఫీజు కట్టేముందు ప్లేస్‌మెంట్ మళ్లీ రాయనిస్తారేమో టెస్టింగ్ సెంటర్లో అడగండి. ఇలాంటి కోర్సు మార్కులు సాధారణంగా డిగ్రీ క్రెడిట్లలో కలవవు, డబ్బు మాత్రం పోతుంది. తప్పదంటే, రెండు వారాల్లో అవుతుందా అనేది మీ వేగాన్ని బట్టి ఉంటుంది, కానీ సెల్ఫ్ పేస్డ్ అన్నంత మాత్రాన గడువు లేదనుకోకండి. వేగం మీది, ఆఖరి తేదీ కాలేజీది. ఒక్కో మాడ్యూల్ దాటడానికి ఎంత శాతం రావాలో, ల్యాబ్‌లో వారానికి ఎన్ని గంటలు కూర్చోవాలో, క్యాలిక్యులేటర్ ఎక్కడ వాడనిస్తారో సిలబస్‌లో ముందే చూసుకోండి. కాలేజీ ఇచ్చిన గడువులో చివరి రెండు వారాలు ఫైనల్‌కి వదిలేసి, మొత్తం మాడ్యూళ్లను మిగతా వారాలతో భాగించుకోండి. భిన్నాల దగ్గర ఎలాగూ ఆలస్యమవుతుంది.

కోర్సు అలెక్స్ అనే ఆన్‌లైన్ లెక్కల సాఫ్ట్‌వేర్‌లో అయితే మొదటి పరీక్షలో రానిదాన్ని ఊహించి కొట్టకండి, ‘ఇంకా నేర్చుకోలేదు’ అనే బటన్ నొక్కండి. ఊహ తగిలిందా, రాని టాపిక్ వచ్చినట్టు లెక్కలో పడుతుంది. మధ్యమధ్యలో నాలెడ్జ్ చెక్ అనే పరీక్ష పెడుతుంది, అందులో తప్పితే పూర్తయిన టాపిక్కులు కూడా వెనక్కి పోతాయి. మీవారి చేత చేయించిన హోంవర్క్ అక్కడే బయటపడుతుంది.

మరో జవాబు: తెలుగు మీడియం వాళ్లకి లెక్క వస్తుంది, మాట దగ్గర తప్పుతుంది. క.సా.గు.ని ఎల్‌సీఎం అంటారని తెలిసే ఉంటుంది. గ.సా.భా.ని మనం హెచ్‌సీఎఫ్ అంటాం, ఇక్కడ జీసీఎఫ్. లవం న్యూమరేటర్, హారం డినామినేటర్. ‘హండ్రెడ్స్’ అంటే వందల స్థానం, ‘హండ్రెడ్త్స్’ అంటే దశాంశ బిందువు తర్వాత రెండో స్థానం. ఆ ఒక్క ‘త్’ వినకపోతే రౌండింగ్ మొత్తం తప్పే. ‘5 లెస్ దాన్ 12’ అంటే 12 − 5, చదివిన వరసలో రాయకూడదు.

మన 12,50,000 ఇక్కడ 1,250,000. పది లక్షలు ఒక మిలియన్, కోటి పది మిలియన్లు.

లెక్కలో ఏది ముందు చేయాలో చెప్పే బాడ్‌మాస్‌ని ఇక్కడ పెమ్‌డాస్ అంటారు. రెండింటినీ అక్షరాల వరసగా పట్టుకుంటే దెబ్బ తింటారు. గుణకార భాగహారాలకు సమాన హోదా, ఎడమ నుంచి కుడికి చేయాలి. 24 ÷ 6 × 2 చేస్తే 8 వస్తుంది, 2 కాదు. కూడిక తీసివేతలూ అంతే: 10 − 4 + 3 అంటే 9.

సాఫ్ట్‌వేర్‌లో జవాబులు టైప్ చేయడంలో ఇంకో చిక్కుంది. మిశ్రమ భిన్నానికి వేరే బటన్ ఉంటుంది. అది వాడకుండా 3 పక్కనే 1/2 కొడితే 31/2 అవుతుంది. 6/8 అని వదిలేసినా తప్పంటుంది, 3/4 దాకా తగ్గించాలి.

కొలతలు కొత్తగా బట్టీ పట్టాల్సిందే: అడుగుకి 12 అంగుళాలు, పౌనుకి 16 ఔన్సులు, గ్యాలన్‌కి 4 క్వార్టులు. నాణేల లెక్కల్లో నికెల్ 5 సెంట్లు, డైమ్ 10, క్వార్టర్ 25. డైమ్ చూడ్డానికి నికెల్ కంటే చిన్నది, మోసపోకండి.

ప్రశ్న: చాలా థాంక్స్ అండి. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీదున్న మా కజిన్ కూడా నాతో ఆన్‌లైన్‌లో చేయొచ్చా?

జవాబు: హెచ్4 కాబట్టి మీకు ఫుల్‌టైమ్ నిబంధన లేదు, ఒక్క కోర్సు చేసినా చాలు. ఎఫ్1 వాళ్లకి ఫుల్‌టైమ్ లెక్కలో ఒక సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ క్లాసే, 3 క్రెడిట్ల దాకే చెల్లుతుంది. తనని ముందు కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిని (డీఎస్ఓ) అడగమనండి.

మీరు మాత్రం దశాంశాలు తేలిగ్గా తీసుకోకండి, నర్సింగ్‌లో రోజూ అదే పని. రోగి బరువు 154 పౌన్లని 2.2తో భాగిస్తే 70 కిలోలు, డోసు లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. అర మిల్లీగ్రాముని .5 అని రాయకూడదు, 0.5 అనాలి. బిందువు కనపడకపోతే 5గా చదివేస్తారు. అదే కారణంతో 5ని 5.0 అని కూడా రాయరు, 50 అనుకునే ప్రమాదం ఉంది.