ఇండోర్ బ్యాడ్మింటన్‌కు 70-200 ఎఫ్/2.8: షట్టర్ తగ్గించాలా, ఐఎస్ఓ పెంచాలా?

ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీ, 70-200 ఎంఎం ఎఫ్/2.8 లెన్స్. మాన్యువల్ మోడ్‌లో ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఎఫ్/2.8, షట్టర్ 1/500 సెకను, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 6400 పెడితే ఎక్స్‌పోజర్ సరిపోతోంది. ముఖం స్పష్టంగానే వస్తోంది కానీ స్మాష్ కొట్టేటప్పుడు చెయ్యి, రాకెట్ చెదిరిపోతున్నాయి. 1/1000కి వెళ్తే ఐఎస్ఓ 12800 అవుతుంది. నీడల్లో నాయిస్ (గరుకు చుక్కలు) బాగా కనిపిస్తుంది. స్టెబిలైజేషన్ చేతి వణుకునే ఆపుతుంది, ఆటగాడి కదలికను కాదు కాబట్టి అది ఇక్కడ అక్కరకు రాదు.

ఎఫ్/4కి మూసే ఆలోచన లేదు, ఒక స్టాప్, అంటే సగం వెలుతురు పోతుంది. అలాగని 200 ఎంఎం దగ్గర, పది మీటర్ల దూరంలో ఎఫ్/2.8కి ఫోకస్‌లో ఉండేది సుమారు 40 సెంటీమీటర్లే. ఆటగాడు ముందుకు దూకితే ఏఎఫ్-సి (కదిలేవాటిని వెంటాడే ఆటోఫోకస్) కొన్నిసార్లు వెనక నెట్‌ను పట్టుకుంటోంది.

అడగదలచుకున్నవి: రా ఫైల్‌లో (కెమెరా ప్రాసెస్ చేయని ఫైల్) 12800 నాయిస్ తగ్గించుకోవడం మేలా, లేక 1/640తో సర్దుకోవాలా? ఫోకస్ నెట్ మీదికి పోకుండా ట్రాకింగ్ సెన్సిటివిటీ (ఫోకస్ మరో వస్తువు మీదికి మారే చురుకుదనం) తగ్గించాలా, ఏఎఫ్ ఏరియా చిన్నది చేయాలా? 50 హెర్ట్జ్ లైట్ల కింద ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ రంగు మారుతోంది, మెకానికల్ షట్టరే వాడుతున్నా. యాంటీ ఫ్లికర్ (లైట్ల మినుకుకు తగ్గట్టు షట్టర్ సమయం సర్దే సెట్టింగ్) ఆన్ చేస్తే బర్స్ట్ (వరుసగా తీసే ఫొటోల) వేగం ఎంత పడిపోతుంది?