బీకాం అయిన తమ్ముడికి ఏ స్కీము పనికొస్తుంది? తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి

పాకాల_అక్క:
మా తమ్ముడు బీకాం కంప్యూటర్స్ పాసై ఇంట్లోనే ఉన్నాడు. 23 ఏళ్లు. నాయనకు పొలం తప్ప వేరే ఆదాయం లేదు. పీఎం ఇంటర్న్‌షిప్, కౌశల్ వికాస్, ఆర్‌సెటి (బ్యాంకుల శిక్షణ కేంద్రం), పీఎంఈజీపీ (సొంత యూనిట్ పెట్టడానికి సబ్సిడీ లోను) అని తలా ఒకటి చెప్తున్నారు. వాడికి ఏది సరిపోతుంది? తిరుపతిలో ఏ సెంటర్ మంచిది? నేర్చుకునేటప్పుడు చేతికి ఏమైనా ఇస్తారా? గూగుల్‌లో చూసుకో అని మాత్రం అనొద్దు, చూసే వచ్చా.

సత్యవేడు_బీషిఫ్ట్:
అక్కా, సెంటర్ల సంగతి పక్కన పెట్టు. నేను జాబ్ మేళాలో సెలెక్ట్ అయి శ్రీసిటీలో చేస్తున్నా. సర్టిఫికెట్ల ఫైలు చేతిలోనే ఉండిపోయింది, ఎవరూ తెరవలేదు. వైర్లు ముందర పెట్టి ఏది ఏ రంగో చెప్పమన్నారు, నైట్ షిఫ్ట్ చేస్తావా అన్నారు, అయిపోయింది. మీవాడు అడగాల్సింది ఒకటే, కంపెనీ రోల్సా ఏజెన్సీ రోల్సా అని. మా బస్సులో సగం మంది ఏజెన్సీ వాళ్లే. స్లిప్పులో పీఎఫ్ కట్ అయినట్టే ఉంటుంది, అక్కడ జమ అయిందా అని చూసుకునేవాడు లేడు.

ఫిట్టర్_సార్:
అప్రెంటిస్‌షిప్ గురించి ఈ గ్రూపులో నాకన్నా తెలిసినవాళ్లు ఉంటే చెయ్యెత్తండి. ఐటీఐలో పాఠాలు చెప్పీ చెప్పీ జుట్టు నెరిసింది. ఈ మూడు నెలల కోర్సులు వానకు ముందు కొట్టిన సున్నం లాంటివి. 1961 అప్రెంటిస్ చట్టం ఒక్కటే గట్టిది. మన సెట్టిపల్లి క్యారేజీ షాపులో యాక్ట్ అప్రెంటిస్ చేసినవాళ్లకు రైల్వే లెవెల్ 1 పోస్టుల్లో 20 శాతం ఉంది. పిల్లోళ్లకు ఇవి చెప్పేవాళ్లు లేరు.

పాకాల_అక్క:
సార్, వాడు బీకాం. ఐటీఐ కాదు.

ఫిట్టర్_సార్:
చదివే అంటున్నానమ్మా. డిగ్రీ వాళ్లకు నాట్స్ అని కేంద్రం అప్రెంటిస్‌షిప్ స్కీము ఉంది, బీకాం కూడా అందులోకి వస్తుంది. 2019 నిబంధనల్లోనే డిగ్రీ వాళ్లకు కనీసం 9,000 స్టైపెండ్ పెట్టారు. పోర్టల్‌లో పేరు ఎక్కించమను. ఆడిటరు ఆఫీసులో ఊరికే కూర్చోబెట్టే దానికంటే నయం.

పుంగనూరు_ఆవు:
ఎంతసేపూ ఉద్యోగం, ఉద్యోగం! నేను పీఎంఈజీపీలో పేపర్ ప్లేట్ల మిషన్ పెట్టా, మా ఊళ్లోనే. 10 లక్షల ప్రాజెక్టు. మేం బీసీలు, ఊరు పల్లె, కాబట్టి 35 శాతం సబ్సిడీ. గవర్నమెంటు 3.5 లక్షలు ఇచ్చింది, నా చేతి నుంచి పడింది 50 వేలే. పెళ్లి ముహూర్తాలు మొదలైతే మిషన్ ఆపడానికి ఉండదు. అక్కా, తమ్ముణ్ణి మా ఊరికి పంపించు, చూసిపోతాడు.

గంగజాతర:
3.5 లక్షలు ఇచ్చిందా? ఎవరి చేతికి ఇచ్చింది? ఇట్టా చెప్పే జనాన్ని బ్యాంకుల చుట్టూ తిప్పుతారు. ఆ సబ్సిడీ నీ పేరుతో బ్యాంకులోనే మూడేళ్లు టీడీఆర్‌గా, అంటే డిపాజిట్ లాగా ఉంటుంది. ముట్టుకోలేవు. మూడేళ్ల తర్వాత మిషన్ తిరుగుతుందా లేదా అని వచ్చి చూసి, అప్పుడు లోనులో కలుపుతారు.

పుంగనూరు_ఆవు:
చేతికి ఇచ్చారని ఎక్కడన్నాను? లోనులో తగ్గేది నాకు ఇచ్చినట్టే కదా.

గంగజాతర:
తగ్గేది మూడేళ్లకి. అప్పటిదాకా తొమ్మిదిన్నర లక్షల మీద వడ్డీ కట్టేది నువ్వు.

రిటైర్డ్_మేనేజర్:
తప్పు సమాచారం. టీడీఆర్ మీద వడ్డీ ఇవ్వరు, దానికి సమానమైన లోను మొత్తం మీద వడ్డీ వేయరు కూడా. పైన చెప్పిన లెక్కలో బ్యాంకు ఇచ్చింది 9.5 లక్షలు, సబ్సిడీ 3.5, వడ్డీ పడేది 6 లక్షల మీదే. సర్వీసంతా లోన్ల సెక్షన్‌లో చేసి చెప్తున్నా.

గంగజాతర:
సర్వీసులో రూలు చదివారు సామీ, మేం కిస్తీ కట్టాం. నా స్టేట్‌మెంట్‌లో నెలనెలా వడ్డీ లైను పూర్తి బాకీ మీదే ఉంది. 11 శాతం అనుకున్నా ఆ 3.5 లక్షల మీద ఏడాదికి 38,500 అదనం. గైడ్‌లైన్స్ ప్రింటు తీసి మేనేజర్ టేబుల్ మీద పెట్టాక రివర్స్ ఎంట్రీ వేశారు. బ్యాంకు పేరు చెప్పను, లోను ఇంకా నడుస్తోంది.

రిటైర్డ్_మేనేజర్:
కంప్యూటర్‌లో టీడీఆర్‌ను లోనుకు లింక్ చేయకపోతే అట్లా జరగొచ్చు. అది స్కీము తప్పు కాదు. అన్ని నెలలు పాస్‌బుక్ చూసుకోకపోవడం ఎవరి తప్పు?

గంగజాతర:
అంటే మీ క్లర్కు లింక్ చేయకపోతే తప్పు నాదా? ఇదే బుద్ధితో కౌంటర్లో కూర్చుని ఉంటారు. 10 లక్షల లోపు లోనుకు తాకట్టు అడగకూడదని ఉంటే మా నాయన పట్టాదారు పాస్‌పుస్తకం ఎందుకడిగారో అది కూడా చెప్పండి.

రిటైర్డ్_మేనేజర్:
మర్యాదగా రాస్తే సమాధానం చెప్తా.

పుంగనూరు_ఆవు:
నేను చెప్పింది మిషన్ సంగతి, మీరు మీ పాత బాకీలు తేల్చుకోండి.

కువైట్_అన్న_పీలేరు:
తమ్ముడికి బయటికి పోవాలని ఉంటే ఏజెంటుకు లక్షలు పోయొద్దు. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోవాల్సింది 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి కాదు. ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఏజెంటు నంబరు ఉందా చూడండి. రాష్ట్రానిదే ఓంక్యాప్ అని విదేశీ ఉద్యోగాలు చూసే సంస్థ ఒకటుంది, అందులో కూడా అడగండి.

గ్రూప్స్_పక్షి:
ఇవన్నీ సరే, భృతి సంగతి ఎవరూ ఎత్తరేం? 2018 అక్టోబరు 2న యువనేస్తం మొదలైనప్పుడు నెలకు వెయ్యి, తర్వాత 2019లో రెండు వేలు. ఎస్వీయూ లైబ్రరీలో కూర్చునే మాకు ఆ డబ్బుతో మెస్ బిల్లు వెళ్లేది. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎత్తేశారు. 2024లో మూడు వేలన్నారు.

తిరుమల_బైపాస్:
మెస్ బిల్లుకు భృతి ఇస్తే మీరు ముసలోళ్లయ్యేదాకా గ్రూప్సే రాస్తారు. ఎత్తేసిందే మంచిది.

గ్రూప్స్_పక్షి:
మీకేం, సొంత కొట్టు ఉన్నట్టుంది. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియకుండా చదివి చూడండి, అప్పుడు మాట్లాడదాం. మీరు ఏ పార్టీ వాళ్లో ఆ ఒక్క మాటతోనే తెలిసిపోయింది.

మోడరేటర్:
పార్టీల ముచ్చట్లు ఇక్కడ వద్దు. తర్వాతి ఐదారు పోస్టులు తీసేశా. అడిగినావిడకు జవాబు ఉంటే రాయండి.

పాకాల_అక్క:
థాంక్స్ మోడరేటర్ గారూ. పీఎం ఇంటర్న్‌షిప్ గురించి ఇంతవరకు ఒక్కరూ ఒక్క ముక్క చెప్పలేదు.

చెన్నై_ఎక్స్‌ప్రెస్:
అక్కా, నేను చేశా. 21 నుంచి 24 ఏళ్ల లోపు ఉండాలి, మీవాడు వస్తాడు. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, ఇంట్లో ఎవరికీ పర్మనెంట్ గవర్నమెంటు ఉద్యోగం ఉండకూడదు. నెలకు 5,000, చేరినప్పుడు ఒకేసారి 6,000. ఏడాది పాటు. నాకు శ్రీపెరుంబుదూరు దగ్గర పడింది. షేరింగ్ రూములో నా వాటా 2,800, మధ్యాహ్నం క్యాంటీన్ కంపెనీదే, రాత్రి భోజనానికి మాత్రం ఇంటి నుంచి డబ్బు తెప్పించుకున్నా. పని నేర్పుతారు, కానీ ఏడాది తర్వాత ఉంచుకుంటామని రాసివ్వరు. తిరుపతిలోనే కావాలంటే అప్లై చేసేటప్పుడు ఊరు ఎంచుకునే చోట జాగ్రత్తగా చూసుకోమను.

ఫిట్టర్_సార్:
చూశారా, అక్కడ 5,000, నాట్స్‌లో 9,000. ఇందాకే చెప్పాను.

చెన్నై_ఎక్స్‌ప్రెస్:
సార్, నాట్స్‌లో పేరు ఎక్కించుకుని చూస్తూ కూర్చున్నవాళ్లు మా రూములోనే ఇద్దరున్నారు.

చంద్రగిరి_టైలర్:
ఆర్‌సెటి గురించి అడిగారు కదా. చంద్రగిరిలో ఉంది, యూనియన్ బ్యాంకుది. నేను టైలరింగ్ అక్కడే నేర్చుకున్నా. ఫీజు లేదు, అన్నం వాళ్లే పెట్టారు. స్టైపెండ్ లాంటిది ఏమీ లేదు, ముందే చెప్తున్నా. 18 నిండాలి, పల్లెటూరి వాళ్లకు ముందు. కోర్సు అయ్యాక కూడా రెండేళ్ల పాటు ఫోన్ చేసి షాపు పెట్టావా, లోను వచ్చిందా అని అడుగుతూనే ఉంటారు. మా మేడం అడిగే దానికి భయపడే షాపు తెరిచా. బీకాం అబ్బాయికి అక్కడేం నచ్చుతుందో నాకు తెలియదు, సెల్‌ఫోన్ రిపేరు ఉంటే అడగండి.

సత్యవేడు_బీషిఫ్ట్:
పీఎఫ్ సంగతి ఎందుకెత్తానంటే, 2025 ఆగస్టు 1 నుంచి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన వచ్చింది. మొదటిసారి పీఎఫ్‌లో చేరినవాళ్లకు ఒక నెల జీతం, 15 వేల దాకా, రెండు విడతలుగా ఇస్తారు. ఆరు నెలలు ఆగితే ఒకటి, ఏడాదికి రెండోది, మధ్యలో డబ్బు గురించి ఆన్‌లైన్ పాఠం ఒకటి పూర్తి చేయాలి. ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి యూఏఎన్ (పీఎఫ్ నంబరు) తీసుకోవాలి. మా లైనులో ఐదో నెలలో మానేసినవాళ్లకు ఇది తెలియనే తెలియదు. అక్కా, మీవాడు ఎక్కడ చేరినా ఆరు నెలల్లోపు గొడవపడి రావద్దని చెప్పు.

పుంగనూరు_ఆవు:
తమ్ముడూ, పనిలో పెట్టుకునేవాళ్లకు కూడా ఏదో ఇస్తారన్నారు? నేను సీజన్‌కి ఇద్దరు కుర్రోళ్లను పెట్టుకోవాలి.

సత్యవేడు_బీషిఫ్ట్:
ఇస్తారక్కా. 50 మంది కన్నా తక్కువ ఉన్న చోట కనీసం ఇద్దరిని కొత్తగా చేర్చుకోవాలి, వాళ్లు ఆరు నెలలు ఉండాలి. జీతం 10 వేలు దాటి 20 వేల లోపైతే మనిషికి నెలకు 2,000. సీజన్‌కి పెట్టి మాన్పిస్తే రాదు. నీకు పీఎఫ్ కోడ్ కూడా ఉండాలి.

పుంగనూరు_ఆవు:
ముహూర్తాలు లేని నెలల్లో వాళ్లకు ఏం పని చెప్పేది? ఆ లెక్క కూడా గవర్నమెంటే చెప్తే బాగుండు.

రిటైర్డ్_మేనేజర్:
పీఎఫ్ కోడ్ ఆన్‌లైన్‌లో ఫీజు లేకుండా వస్తుంది. ఏజెంటుకు డబ్బులివ్వకండి.

గంగజాతర:
ఈ ఒక్క ముక్క మాత్రం కరెక్టుగా చెప్పారు సామీ.