హోమ్‌లో రాత్రిళ్లు గేటుకి తాళం వేస్తారట, ఏం చేయాలి?

మా అబ్బాయికి 19 ఏళ్లు, మేధోవైకల్యం. నాచారం వైపు ఒక హోమ్‌లో చేర్పిద్దామని చూస్తున్నాం. అద్దె ఇల్లు, పిల్లలుండేది రెండో అంతస్తు. ఆయాలు ఓపిగ్గా తినిపిస్తున్నారు, అది బాగా నచ్చింది. కానీ మెట్ల దగ్గర గ్రిల్ గేటుకి రాత్రి తాళం, చెవి కింద వాచ్‌మన్ దగ్గర. "పిల్లలు బయటికి పోతారు కదమ్మా" అంటున్నారు. మావాడు పెద్ద చప్పుడు వింటే చెవులు మూసుకుని మంచం కింద దూరతాడు. అలారం మోగితే ఎలా? ఏ కాగితాలు అడగాలి?

జవాబు 1
అమ్మా, ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యాను. కాగితాల కన్నా ముందు ఆ తాళం సంగతి తేల్చండి. 2001లో తమిళనాడు ఎర్వాడిలో మానసిక రోగులుండే హోమ్‌కి నిప్పంటుకుని, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కాలిపోయారు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం బయటికెళ్లే తలుపు లోపలి నుంచి చెవి లేకుండా తెరుచుకోవాలి. వెళ్లిపోతారని భయమైతే తలుపుకి బజర్ పెట్టించమనండి. మెట్ల కింద గ్యాస్ సిలిండర్లు, పాత పరుపులు పేర్చారేమో కూడా చూడండి.

జవాబు 2
అక్కా, 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద హోమ్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, సర్టిఫికెట్ చూపించమనండి. మా పాపకీ పెద్ద చప్పుడంటే భయమే. టీచరమ్మ ఫోన్‌లో సైరన్ సన్నగా వినిపిస్తూ మెల్లమెల్లగా పెంచారు. మోగగానే మెట్లు దిగి వేపచెట్టు దగ్గరికి వెళ్తే బిస్కెట్. ఇప్పుడు తనే ముందు దిగుతుంది.

అడిగినావిడ
చాలా థాంక్సండీ. తాళం తీయకపోతే చేర్చం. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో కూడా అడుగుతాను.