చదవడం రాని పిల్లలూ ఉన్న బుక్ క్లబ్ ఎలా నడపాలి?

ఆదివారం_లైబ్రరీ:
మేం నలుగురం కలిసి వారానికోసారి పిల్లలతో బుక్ క్లబ్ నడుపుతున్నాం. తల్లిదండ్రులు ఎక్కువగా కూలి పనులకు వెళ్లేవాళ్లే, ఇళ్లలో స్కూలు పుస్తకాలు తప్ప ఇంకోటి ఉండదు. ఇబ్బంది ఏంటంటే ఒకే వయసు పిల్లల్లో కొందరు గడగడా చదివేస్తారు, కొందరు ఒత్తులు రాగానే ఆగిపోతారు. అందరికీ ఒకే పుస్తకం ఇచ్చి చివర్లో ప్రశ్నలు అడుగుతున్నాం, దాంతో చదవలేనివాళ్లు మెల్లగా రావడం మానేస్తున్నారు. పుస్తకాలు ఇంటికి ఇద్దామంటే చింపేస్తారు, పోగొడతారు అని మాలో ఇద్దరికి ఒకటే టెన్షన్. ఇలాంటివి నడిపినవాళ్లుంటే చెప్పండి.

బొమ్మల_పేజీ:
ముందు ఆ ప్రశ్నలు ఆపేయండి. స్కూల్లో రోజంతా అదే, ఇక్కడా అదే అయితే ఎందుకొస్తారు చెప్పండి? "ఈ కథలో నీతి ఏమిటి" అని మాత్రం అసలు అడక్కండి. మీరే బొమ్మలు చూపిస్తూ పైకి చదివి వినిపించండి, మంచి చోట ఆపి "ఇప్పుడేం చేస్తాడంటారు?" అంటే చాలు. చదవడం రానివాడికీ కథ మీద ఒక అభిప్రాయం ఉంటుంది, అది చెప్పే చోటు దొరికితే వచ్చేవారం వాడే ముందొస్తాడు.

ఇంకోటి, అందరికీ ఒకే పుస్తకం అనే పద్ధతి పెద్దవాళ్ల క్లబ్బులది. పిల్లల ముందు పుస్తకాలు పరిచి ఎంచుకోమనండి. అమెరికాలో పిల్లల చదవడం మీద పరిశోధన చేసే రిచర్డ్ ఆలింగ్టన్ బృందం పేద పిల్లలు ఎక్కువగా ఉన్న 17 స్కూళ్లలో, వరసగా మూడేళ్లు వేసవి సెలవుల ముందు, పిల్లలు తామే ఎంచుకున్న పుస్తకాలు ఏడాదికి 12 చొప్పున ఉచితంగా ఇచ్చింది. ఆ ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. పుస్తకాలు అందినవాళ్లు అందనివాళ్ల కంటే చదవడంలో మెరుగయ్యారు, అందులోనూ బాగా పేద పిల్లల్లో తేడా ఎక్కువగా కనిపించింది. మనం "మంచి పుస్తకం" అనుకున్నది కాదు, వాళ్లకు కావలసింది ఇచ్చారు, అదీ విషయం.

చాక్‌పీసు:
పైవారితో సగమే ఒప్పుకుంటా. వినిపించడం మంచిదే, కానీ కథలు వింటూ కూర్చుంటే చదవడం దానంతటదే వచ్చేయదు. గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లోనే చెప్పారు, అక్షరాలు కూడబలుక్కుని పదం పట్టుకోవడం ఒకటి, భాష అర్థం కావడం ఒకటి, చదవడమంటే ఈ రెంటి గుణకారం అని. కూడిక కాదు, గుణకారం, ఒకటి సున్నా అయితే మొత్తం సున్నానే. కాబట్టి ఒత్తుల దగ్గర ఆగేవాళ్లను విడిగా ఒక పావుగంట కూర్చోబెట్టి నేర్పాల్సిందే, మిగతావాళ్ల ముందు మాత్రం వద్దు.

పెద్ద పిల్లలకు సిగ్గు ఎక్కువ. పదకొండేళ్లవాడి చేతిలో పేజీకో వాక్యం ఉన్న పుస్తకం పెడితే పక్కవాళ్లు నవ్వుతారని ముట్టడు. అదే పుస్తకం ఇచ్చి "వచ్చేవారం చిన్నవాళ్లకు నువ్వే చదివి వినిపించాలి" అనండి, ఇంట్లో పదిసార్లు చదువుకుని వస్తాడు.

వాళ్లకు తెలిసిన విషయాల పుస్తకాలు కూడా వెతకండి. 1988లో రెక్ట్, లెస్లీ చేసిన ప్రయోగంలో, చదవడంలో వెనకబడినా బేస్‌బాల్ బాగా తెలిసిన పిల్లలు ఆ ఆట గురించిన కథను, బాగా చదవగలిగి ఆట తెలియని పిల్లల కంటే బాగా అర్థం చేసుకున్నారు. ఆటలు, జంతువులు, బండ్లు, పిల్లలు దేని గురించి ఆగకుండా మాట్లాడతారో అక్కడ మొదలుపెట్టండి.

అట్ట_కుట్టు:
ఇంటికి ఇవ్వండి. చిరుగుతాయి, కొన్ని తిరిగి రావు, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. బీరువాలో తాళం వేసిన పుస్తకం ఎవరికి పనికొస్తుంది? జరిమానా అనే మాటే ఎత్తొద్దు, డబ్బు కట్టలేని పిల్లాడు పుస్తకంతో పాటు తనూ కనబడకుండా పోతాడు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ కూడా 2019లో, జరిమానాల వల్ల జనాల మధ్య అసమానత పెరుగుతుందని తీర్మానం చేసింది. రిజిస్టర్ పిల్లల చేతికే ఇవ్వండి, చిరిగినవి అప్పుడప్పుడు అందరూ కూర్చుని అతికించుకుంటారు, అందులో వాళ్లకు భలే సరదా.

పుస్తకాలు తక్కువైతే పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ చూడండి. తెలుగుతో సహా చాలా భాషల్లో బొమ్మల కథలున్నాయి, చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విడదీశారు, ఉచితంగా దించుకుని ప్రింట్ తీసుకోవచ్చు. మీ సమస్యకు ఆ మెట్లే బాగా ఉపయోగం. కాకపోతే స్థాయి నంబరు పిల్లలకు కనబడేలా అతికించకండి.

ఆదివారం_లైబ్రరీ:
అందరికీ థాంక్సండీ. చిన్నవాళ్లకు చదివి వినిపించే పని ఈ వారమే ఇద్దరికి అప్పజెబుతాం. ఒక్క అనుమానం, ఎంచుకోమంటే కామిక్స్ తప్ప ఇంకోటి ముట్టరేమో?

బొమ్మల_పేజీ:
ముట్టకపోతే పోనివ్వండి, కామిక్సే ఇంకో నాలుగు తెప్పించండి. అలాంటి కథలే ఉన్న మామూలు పుస్తకాలు పక్కన పడేసి ఉంచండి, చదవమని మాత్రం ఎవరికీ చెప్పొద్దు.