డౌన్ ఘాట్‌కు ఏ బ్రేక్ మంచిది: తాకగానే పట్టేదా, నొక్కేకొద్దీ పట్టేదా?

అలిపిరి ట్యాక్సీ
తిరుమల ట్రిప్పులకు బండి మార్చాలనుకుంటున్నా. పాత డీజిల్ బండిలో నొక్కేకొద్దీ బ్రేక్ పడుతుంది. ఇప్పుడు చూసిన బండిలో కాలు ఆనిస్తే చాలు, ఠక్కున పట్టేస్తోంది. నాకు ఇదే నచ్చింది. మా స్టాండులో సగం మంది మాత్రం ఘాట్‌కు పనికిరాదంటున్నారు. ఎందుకని అడిగితే సరిగా చెప్పేవాళ్లు లేరు.

పాలిటెక్నిక్ మాస్టారు
నేనూ వద్దనే వాళ్ల పక్షమే. కాలి బలానికి సాయం కలిపి బ్రేకుకు అందించే డబ్బానే బూస్టర్. అందులో డయాఫ్రమ్ అనే పొరకు ముందొక గది, వెనకొక గది. పెడల్ వదిలేసినప్పుడు రెండింట్లోనూ వ్యాక్యూమే, అంటే గాలి లాగేసి ఉంటుంది. నొక్కగానే కంట్రోల్ వాల్వ్ ముందు ఆ గదుల మధ్య దారి మూసి, తర్వాత వెనక గదిలోకి బయటి గాలిని వదులుతుంది. ఆ గాలి డయాఫ్రమ్‌ను తోస్తుంది, అది బ్రేక్ ఆయిల్‌ను చక్రాల వైపు తోసే మాస్టర్ సిలిండర్‌ను నొక్కుతుంది.

వాల్వ్‌లో పెడల్‌తో పాటు కదిలే కడ్డీని ప్లంజర్ అంటారు, దాని ఎదురుగా ఒక రబ్బరు బిళ్ల ఉంటుంది. బ్రేక్ బలం పెరిగేకొద్దీ ఆ బిళ్ల ఉబ్బి ప్లంజర్‌ను వెనక్కి నెడుతుంది, గాలి దారి మూసుకుంటుంది. రెండు దారులూ మూసుకుంటే బ్రేక్ ఎంత పడిందో అంతే నిలుస్తుంది. మన కాలికి తెలిసేది ఆ నెట్టుడే. ప్లంజర్‌కీ బిళ్లకీ మధ్య ఖాళీ ఎక్కువ పెట్టారంటే, అవి తాకేలోపే బ్రేక్ గట్టిగా పడిపోతుంది, ఎంత పడిందో కాలికి తెలియదు. 1944లో తెరిచిన ఆ పాత ఘాట్‌లో దిగేటప్పుడు కావలసింది మలుపు మలుపుకూ కొంచెం కొంచెంగా పట్టే బ్రేక్.

అలిపిరి ట్యాక్సీ
సార్, పైన గాలి పలచన, బూస్టర్ సాయం తగ్గుతుందని మీలాంటి వాళ్లే చెప్పారు. మరి గట్టిగా పట్టేది ఉండాలి కదా? ఏడుగురిని ఎక్కించుకుని దిగేది మేము. హఠాత్తుగా ముందు బండి ఆగితే కాలి బలం చూసుకుంటూ కూర్చోలేం.

పాలిటెక్నిక్ మాస్టారు
గాలి మాట నిజం. తిరుమల ఎత్తు 850 మీటర్ల పైనే, ఒత్తిడి దాదాపు పదో వంతు తక్కువ. కానీ మీరు రెండు విషయాలు కలిపేస్తున్నారు. మొత్తం సాయం ఎంతన్నది డయాఫ్రమ్ సైజును బట్టి. మొదట్లోనే ఎంత పట్టాలన్నది వాల్వ్‌లోని ఆ ఖాళీని బట్టి. పెద్ద డయాఫ్రమ్, చిన్న ఖాళీ ఉన్న బండి చూసుకోండి. హఠాత్తుగా ఆపడానికంటారా, పెడల్‌ను వేగంగా తొక్కితే గాలి దారి తెరిచే ఉండి పూర్తి సాయం అందేలా చేసిన వాల్వులూ ఉన్నాయి.

చిత్తూరు గ్యారేజ్
మీ ఇద్దరికీ ఒక మాట. నా దగ్గరికి వచ్చే పాత బళ్లలో డిజైన్ కంటే రబ్బరు తేడానే ఎక్కువ. విప్పి చూస్తే వాల్వ్ రబ్బరు మీద సీటు ఆనే చోట గుండ్రంగా గాడి పడి ఉంటుంది, గోరు పెడితే తగులుతుంది. అక్కడ గాలి కారి, పెడల్ అదిమి పట్టినా బుస్సుమనడం ఆగదు.

ఇంకోటి, కొందరు తొందరగా పట్టాలని, బూస్టర్ నుంచి మాస్టర్ సిలిండర్‌ను నొక్కే రాడ్ పొడవు పెంచమంటారు. నేను చెయ్యను. అది పెరిగితే మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి పోయే రంధ్రం మూసుకుపోతుంది, బ్రేకులు పట్టుకునే ఉండి కాలిపోతాయి. మొగిలి ఘాట్‌లో చక్రాల్లోంచి పొగ వస్తూ ఆగిన బండి చూశాను, కారణం అదే.

అలిపిరి ట్యాక్సీ
రాడ్ జోలికి పోనన్నా. కానీ తాకగానే పట్టేదే మేలన్న మాట మీదే ఉన్నా. రోజంతా తొక్కే కాలు నాది.

చిత్తూరు గ్యారేజ్
సరే తమ్ముడూ, కొనేముందు ఇది చూసుకో. ఇంజన్ ఆపి పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కు. కాలు తియ్యకుండా స్టార్ట్ చెయ్యి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు. తర్వాత ఖాళీ రోడ్డులో నెమ్మదిగా పోతూ, కాఫీ గ్లాసు తొణకకుండా ఆపగలవేమో చూడు. ఆపలేకపోతే ఆ బండి ఘాట్‌కు వద్దు. ఇంజన్ ఆపి దిగే అలవాటుంటే మాత్రం ఏ వాల్వూ కాపాడదు. బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది.