తక్కువ ఓమ్‌ల అటామైజర్: 0.15, 0.4, 1.0లలో ఏది తీసుకోవాలి?

కూకట్‌పల్లి వాసి

అందరికీ నమస్కారం. ఇంగ్లండులోని లెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు, రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చే అలవాటును వదిలించుకోవాలన్న పట్టుదలతో, అక్కడి ధూమపాన విరమణ కేంద్రం వారి సలహాపై ఒక వేపింగ్ పరికరం (నికోటిన్ ద్రవాన్ని వేడిచేసి, ఆ ఆవిరిని పీల్చే ఈ-సిగరెట్) కొనుక్కున్నాడు. అది వాట్లు మార్చుకునే వీలున్నది, ఒకే ఒక 18650 రకం (18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవున్న) లిథియం బ్యాటరీతో నడిచేది. గరిష్ఠంగా 80 వాట్లని దాని మీద రాసి ఉంది. దాని అటామైజర్‌కు (ద్రవాన్ని ఆవిరిగా మార్చే భాగానికి) సరిపోయే కాయిళ్లు, అంటే వేడెక్కే తీగచుట్లు, 0.15, 0.4, 1.0 ఓమ్‌లలో దొరుకుతున్నాయి. ఓమ్‌లు ఎంత తగ్గితే అంత మంచిదని తోటి ఉద్యోగులు చెబుతున్నారట. నేను ఇక్కడ విద్యుత్ ప్యానెళ్ల పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఏది తీసుకోవాలో నన్ను తేల్చి చెప్పమంటున్నాడు.

ఓమ్ నియమం ప్రకారం చూస్తే, నిండుగా చార్జి అయిన 4.2 వోల్టుల బ్యాటరీకి 0.15 ఓమ్‌ల కాయిల్ తగిలిస్తే 28 ఆంపియర్లు ప్రవహించాలి. బ్యాటరీ మీద 20 ఆంపియర్లని మాత్రమే ఉంది. అలాంటప్పుడు ఆ కాయిల్‌ను ఆ పరికరానికి ఎలా అమ్ముతున్నారో నాకు అర్థం కావడం లేదు. ఈ విషయం తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

మౌలాలి ఎలక్ట్రానిక్స్

మీరు వేసిన లెక్క మెకానికల్ మాడ్ అనే రకానికి అక్షరాలా సరిపోతుంది. అందులో బ్యాటరీకీ కాయిల్‌కూ మధ్య మీట తప్ప మరేమీ ఉండదు కాబట్టి, కాయిల్ నిరోధమే ప్రవాహాన్ని నిర్ణయిస్తుంది. 20 ఆంపియర్ల సెల్‌కు 0.15 ఓమ్‌ల కాయిల్ తగిలించడం అక్కడ నిజంగానే ప్రమాదం. మీ తమ్ముడి పరికరంలో మాత్రం మధ్యలో వోల్టేజీని మార్చే సర్క్యూట్ ఉంటుంది. అది కాయిల్‌కు ఎన్ని వాట్లు పంపాలో చూసుకొని, దానికి తగిన ప్రవాహాన్ని బ్యాటరీ నుంచి లాగుతుంది. కనుక బ్యాటరీ నుంచి ఎంత ప్రవాహం వస్తుందో తెలియాలంటే మీరు పెట్టిన వాట్లను సర్క్యూట్ సామర్థ్యంతోనూ, ఆ క్షణంలో బ్యాటరీకి ఉన్న వోల్టేజీతోనూ భాగించాలి.

సర్క్యూట్ సామర్థ్యం 90 శాతమనీ, చార్జి తగ్గిన బ్యాటరీ భారం పడినప్పుడు 3.2 వోల్టుల దగ్గర ఉందనీ అనుకుంటే, 80 వాట్లకు దాదాపు 28 ఆంపియర్లు అవసరమవుతాయి. 50 వాట్లకైతే 17 ఆంపియర్ల చిల్లర సరిపోతుంది. ఇందులో కాయిల్ ఓమ్‌ల ప్రసక్తే రాలేదని గమనించండి. మరో సంగతి ఏమిటంటే, ఇక్కడ బ్యాటరీ ఖాళీ అవుతున్న కొద్దీ ప్రవాహం పెరుగుతుంది. మెకానికల్ మాడ్‌లో తగ్గుతుంది. పరికరం మీద 80 అని రాసి ఉన్నా, ఒకే సెల్‌తో 50 వాట్లు దాటవద్దని నేను గట్టిగా చెబుతాను.

అయినా ఓమ్‌లు పట్టించుకోనక్కరలేదని కాదు. ఓమ్‌లు తక్కువగా ఉన్న కాయిల్‌లో సాధారణంగా లావు తీగో, వెడల్పయిన జాలీయో, పక్కపక్కనే కలిపిన రెండు చుట్లో ఉంటాయి. 0.3 ఓమ్‌ల చుట్లు రెండు సమాంతరంగా కలిపితే 0.15 అవుతుంది. వేడెక్కవలసిన లోహం పెరుగుతుంది కాబట్టి ఎక్కువ వాట్లు కావాలి. అందుకే ప్రతి కాయిల్ మీద ఎన్ని వాట్ల నుంచి ఎన్ని వాట్ల వరకు వాడాలో ముద్రిస్తారు, ఎంపిక చేసేటప్పుడు ఓమ్‌ల కంటే ముందు చూడవలసింది ఆ అంకెలనే. 0.15 కాయిల్ మీద 60 నుంచి 80 అని ఉంటే, ఒక్క సెల్ ఉన్న ఈ పరికరానికి అది తగినది కాదని నా అభిప్రాయం.

బ్యాటరీ గురించి కూడా ఒక మాట. శామ్‌సంగ్, ఎల్‌జీ వంటి తయారీదారులే తమ 18650 సెల్‌లను విడిగా ఈ-సిగరెట్లలో వాడవద్దని చెబుతున్నారు. సెల్ ఒళ్లంతా ఋణధ్రువమే కాబట్టి, పైన ధనధ్రువం దగ్గర ప్లాస్టిక్ తొడుగు చిరిగినా, జేబులో తాళంచెవులతో కలిపి పెట్టుకున్నా షార్టు అవుతుంది. మార్చుకునే అవకాశం ఉంటే బ్యాటరీ లోపలే అమర్చిన చిన్న పరికరం తీసుకోమనండి.

లెస్టర్ నుంచి తిరిగొచ్చాను

పై వివరణతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే సిగరెట్ మానడానికి కొన్నవారి విషయంలో అసలు ప్రశ్న దమ్ము ఎలా లాగుతారన్నది. సిగరెట్ అలవాటున్నవారు పొగను ముందు నోట్లోకి తీసుకొని, తరువాత ఊపిరితిత్తుల్లోకి పీలుస్తారు. ఆ పద్ధతికి గాలి రంధ్రం ఇరుకుగా ఉండి, 10 నుంచి 16 వాట్ల దగ్గర పనిచేసే 1.0 ఓమ్ కాయిల్ సరిపోతుంది. 0.15, 0.4 ఓమ్‌ల కాయిళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పీల్చేవారి కోసం చేసినవి. రోజుకో పెట్టె కాల్చే మనిషికి వాటితో మొదటి రోజే దగ్గు తెరలు వస్తాయి, తిరిగి సిగరెట్ దగ్గరికే వెళతాడు.

నికోటిన్ మోతాదు కూడా దీనితోనే ముడిపడి ఉంది. బ్రిటన్‌లో ఒక మిల్లీలీటరు ద్రవంలో 20 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండకూడదు, ద్రవం పోసే ట్యాంకు 2 మిల్లీలీటర్లకు మించకూడదు. 10 లేదా 20 మిల్లీగ్రాముల నికోటిన్ సాల్ట్ (గొంతులో మంట తక్కువగా పుట్టించే నికోటిన్ రూపం) ద్రవాన్ని 1.0 ఓమ్ కాయిల్‌లో వాడవచ్చు. అదే ద్రవాన్ని 0.15 కాయిల్‌లో పోసి 60 వాట్లు పెడితే ఒక్కో దమ్ముకు ఆవిరి ఎన్నో రెట్లు వస్తుంది కనుక తల తిరగడం, వికారం తప్పవు. ఆ కాయిళ్లకు 3 నుంచి 6 మిల్లీగ్రాములవే వాడతారు. పైగా ట్యాంకు గబగబా ఖాళీ అవుతుంది, ఖర్చు పెరుగుతుంది.

ద్రవం చిక్కదనాన్ని కూడా చూసుకోవాలి. వెజిటబుల్ గ్లిజరిన్ పాలు 70 శాతం ఉన్న ద్రవం 1.0 ఓమ్ కాయిల్‌కు ఉండే సన్నని రంధ్రాల్లోంచి, ద్రవాన్ని పీల్చి కాయిల్‌కు అందించే దూదికి త్వరగా చేరదు. సగం గ్లిజరిన్, సగం పలుచని ప్రొపిలీన్ గ్లైకాల్ ఉన్నది తీసుకోమనండి. కొత్త కాయిల్ బిగించాక దూది తడిసే వరకు పది నిమిషాలైనా ఆగాలి. ఎండిన దూదితో వేడి చేస్తే మాడిన రుచి రావడమే కాదు, ఫార్మాల్డిహైడ్ వంటి హానికర పదార్థాలు కూడా పుడతాయి. మాడు వాసన వస్తే ఆ కాయిల్‌ను పారవేయడమే మంచిది.

కూకట్‌పల్లి వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. 1.0 ఓమ్ కాయిల్‌తోనే మొదలుపెట్టమని ఈ రోజే చెబుతాను. ఇంకొక సందేహం ఉంది. కాయిల్‌ను తానే చుట్టుకుంటే ఖర్చు తగ్గుతుందని అంటున్నాడు. కోఠీ గుజరాతీ గల్లీలో హీటర్లకు వాడే నైక్రోమ్ తీగ దొరికితే కొని పంపమన్నాడు. ఆ తీగ పనికొస్తుందా? చుట్టిన తరువాత 0.2 ఓమ్ వంటి విలువను మామూలు మల్టీమీటరుతో కొలవవచ్చా?

మలక్‌పేట ఫార్మసిస్టు

దయచేసి పంపవద్దు. ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టం, 2019 ప్రకారం మన దేశంలో వీటి తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, ప్రచారం అన్నీ నేరాలే. పూర్తి పరికరానికే కాక అందులోని ఏ భాగానికైనా ఆ నిషేధం వర్తిస్తుంది. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. తీగ మామూలు సరుకే అయినా, అటామైజర్ కోసమని చెప్పి పంపడం మీకు అనవసరమైన చిక్కు. మీ తమ్ముడు సెలవులకు వచ్చేటప్పుడు కూడా ఆ పరికరాన్ని, కాయిళ్లను అక్కడే వదిలి రావాలి. ఇక్కడ ఉన్నన్ని రోజులు నికోటిన్ చూయింగ్ గమ్‌తో గడుపుకోవచ్చు. మాట సాయం కావాలంటే జాతీయ పొగాకు విరమణ సహాయవాణి 1800-11-2356 ఉంది. వేపింగ్‌లో పొగ ఉండదు కాబట్టి సిగరెట్ కంటే హాని తక్కువని బ్రిటన్ వైద్యులు అంటున్నా, అది హాని లేనిదని ఎవరూ అనడం లేదు. సిగరెట్ పూర్తిగా పోయాక నికోటిన్‌ను కూడా క్రమంగా తగ్గించుకోమని చెప్పండి.

మౌలాలి ఎలక్ట్రానిక్స్

చట్టం మాట అలా ఉంచినా, హీటర్ల కోసం అమ్మే తీగలో ఏ లోహాలు ఎంత పాళ్లలో ఉన్నాయో అమ్మేవారికే తెలియదు. ఆవిరిని నేరుగా ఊపిరితిత్తుల్లోకి పీల్చే పనికి దాన్ని వాడకూడదు.

కొలత విషయానికి వస్తే, మామూలు మల్టీమీటరుతో 0.2 ఓమ్‌ను నమ్మకంగా కొలవలేము. ప్రోబ్ తీగల నిరోధమే దానికి సమానంగా ఉంటుంది. ప్రోబ్‌ల కొనలు రెండూ తాకించి వచ్చిన అంకెను తీసివేస్తే కొంత మెరుగుపడుతుంది. సరైన పద్ధతి నాలుగు తీగలది: సరఫరా యూనిట్ నుంచి కాయిల్ గుండా కచ్చితంగా 1 ఆంపియర్ పంపి, కాయిల్ రెండు కొనల మీదే వోల్టేజీ చూడాలి. 200 మిల్లీవోల్టులు వస్తే 0.2 ఓమ్ అన్నమాట. మీ తమ్ముడికి ఇంత శ్రమ అక్కరలేదు, అతని పరికరమే ఓమ్‌లు చూపిస్తుంది. కాయిల్ చల్లగా ఉన్నప్పుడు చూసి, కాయిల్ మీద ముద్రించిన విలువకు అది బాగా తక్కువగా కనిపిస్తే మీట నొక్కకుండా అటామైజర్‌ను విప్పి, మరలు తుడిచి మళ్లీ బిగించాలి. అప్పటికీ మారకపోతే లోపల షార్టు ఉన్నట్లే, ఆ కాయిల్‌ను వాడవద్దు.