వాల్వ్ కవర్ ఇంట్లోనే విప్పి, రంగు వేసి, మళ్లీ బిగించాలి: ఎక్కడ జాగ్రత్త పడాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నాది పాత పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్ల ఇంజిన్. వాల్వ్ కవర్ (ఇంజిన్ పైభాగాన్ని మూసే మూత) మీద రంగు పెచ్చులుగా లేచిపోతోంది, అంచు వెంట ఆయిల్ చెమ్మ కూడా కనిపిస్తోంది. ఎలాగూ గ్యాస్కెట్ (ఆయిల్ కారకుండా కవర్ కింద ఉండే రబ్బరు సీలు) మార్చాలి కదా, అదే చేత్తో కవర్‌కి రంగు కూడా వేద్దామనుకుంటున్నాను. ముడతలు ముడతలుగా వచ్చే రింకిల్ పెయింట్ వేయాలని ఆశ. సాకెట్ సెట్ ఉంది, ఆయిల్, స్పార్క్ ప్లగ్గులు నేనే మార్చుకుంటాను. ఈ కవర్ మాత్రం ఎప్పుడూ విప్పలేదు. చేసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరా?

జవాబు

ఇంట్లో చేసుకోగల పనే అండీ, ధైర్యంగా చేయండి. రంగు ఎంత అందంగా వచ్చిందన్నది తర్వాతి సంగతి. రంగు ఎక్కడెక్కడ పడకూడదో ముందు తెలుసుకోవాలి. ఈ పని చెడేది ఎక్కువగా అక్కడే. అది తర్వాత చూద్దాం, ముందు విప్పడం.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఏ బోల్టూ ముట్టుకోకముందే కవర్ చుట్టూ, బోల్టు గుంతల్లో, స్పార్క్ ప్లగ్గులకు కరెంటిచ్చే కాయిల్స్ పక్కన పేరుకున్న మట్టిని బ్రష్‌తోనూ గాలితోనూ వదిలించండి. లేకపోతే కవర్ లేవగానే ఆ ఇసుకంతా వాల్వ్‌లను తెరిచే క్యామ్‌షాఫ్ట్ మీద పడుతుంది. తర్వాత నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకోండి, ముఖ్యంగా వైర్లు ఏ క్లిప్పులోంచి ఏ దారిన వెళ్తున్నాయో.

కాయిల్ కనెక్టర్ల లాకులు ఏళ్ల తరబడి వేడికి పెళుసెక్కి ఉంటాయి. కనెక్టర్‌ని ముందు కొంచెం లోపలికి తోసి, లాకు నొక్కి, అప్పుడు బయటికి లాగండి. వైరు పట్టుకుని లాగొద్దు. ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం బిగుసుకుపోయి ఉంటే మెల్లగా తిప్పుతూ తీయండి. చిట్లిందంటే కొత్తది వేయాల్సిందే, అతుకులు పనికిరావు.

ఒక్క హెచ్చరిక. మీది డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే) ఇంజినై, కవర్ మీదుగా ఇనుప ఇంధనం పైపులు వెళ్తుంటే అక్కడితో ఆగండి. ఆ పైపుల్లో ఒత్తిడి చాలా ఎక్కువ. ఒత్తిడి దించకుండా విప్పితే పెట్రోల్ చిమ్ముతుంది. కొన్ని కంపెనీలు ఒకసారి విప్పిన పైపును మళ్లీ వాడొద్దని కూడా చెబుతాయి. డీజిల్ ఇంజిన్లకూ ఇదే మాట. అలాంటివి వర్క్‌షాప్‌కి వదిలేయడం మంచిది.

బోల్టులన్నీ ఒకే పొడవు ఉంటాయనుకోకండి. అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, తీసిన బోల్టును తీసిన చోటే గుచ్చండి. వదులు చేసేటప్పుడు అంచుల నుంచి మధ్యకు, ఒక్కోదాన్నీ కొంచెం కొంచెంగా. కవర్ అంటుకుపోయి రాకపోతే పక్కల నుంచి రబ్బరు సుత్తితో తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తడం మాత్రం వద్దు. గ్యాస్కెట్ కూర్చునే చోట పడిన గీత పోదు, కొత్త గ్యాస్కెట్ వేసినా దాని పక్కనుంచే కారుతుంది.

కవర్ రాగానే దాని కింద ఉన్న సిలిండర్ హెడ్‌ని నూలుపోగులు రాలని శుభ్రమైన గుడ్డతో కప్పి, పైన ప్లాస్టిక్ షీటు వేసి కట్టేయండి. క్యామ్‌షాఫ్ట్‌ని తిప్పే టైమింగ్ చైన్ ఉన్న వైపు పెద్ద ఖాళీ ఉంటుంది. అందులో చిన్న స్క్రూ పడినా కిందికి జారిపోతుంది, అది తీయడానికి ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్ విప్పాల్సి వస్తుంది.

అడిగినవారు

చాలా థ్యాంక్స్ అండీ. నాది డైరెక్ట్ ఇంజెక్షన్ కాదు, ఇంధనం పైపులు కవర్ మీదుగా లేవు. పాత రంగు తీయడానికి కాస్టిక్ సోడా నీళ్లలో నానబెడితే త్వరగా వదులుతుందని ఎవరో అన్నారు. నిజమేనా?

మరో సభ్యుడి జవాబు

వద్దు తమ్ముడూ! కాస్టిక్ సోడా రంగుతో పాటు అల్యూమినియాన్నీ తినేస్తుంది. కవర్ నల్లబడుతుంది, గ్యాస్కెట్ గాడి అంచులు గరుకెక్కుతాయి. అల్యూమినియానికి పనికొస్తుందని రాసి ఉన్న పెయింట్ రిమూవర్ వాడు, చేతులకు గ్లవుజులు, కళ్లకు అద్దాలు, గాలి ఆడే చోటు.

అంతకంటే ముందు కవర్ లోపలి వైపు అచ్చు గుర్తులు చూడు. ఏజెడ్91 అని కనిపిస్తే అది అల్యూమినియం కాదు, మెగ్నీషియం. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మెగ్నీషియం పొడి నిప్పంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు, ఇంకా రేగుతుంది. అలాంటి కవర్‌ని గ్రైండర్‌తో గీకొద్దు, యాసిడ్ పూయొద్దు.

శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టించడం) చేయిస్తే శుభ్రంగా వస్తుంది, కానీ నాకు దానిమీద భయం. కవర్ లోపల ఆయిల్ బ్రీదర్‌లోకి పోకుండా ఒక రేకు ఉంటుంది. దాని వెనక చేరిన ఇసుక గింజలు ఎంత కడిగినా పూర్తిగా రావు. తర్వాత ఎప్పుడో వేడి ఆయిల్‌తో కలిసి బేరింగుల దాకా వెళ్తాయి. రేకు స్క్రూలతో ఉంటే విప్పి చేయించు. రివిట్లతో బిగించి ఉంటే రిమూవర్, వైర్ బ్రష్, ఎమరీ కాగితంతో సరిపెట్టుకో. ఒళ్లు నొప్పులు వస్తాయి, ఇంజిన్‌కి మాత్రం ఏమీ కాదు.

రంగు నిలవడం మొత్తం శుభ్రత మీదే ఉంది. డీగ్రీసర్‌తో కడిగాక పైన నీళ్లు పోసి చూడు. నీరు పరుచుకుని జారితే జిడ్డు పోయినట్టు, బొట్లు బొట్లుగా నిలిస్తే ఇంకా ఉన్నట్టు. పాత పోతపోసిన కవర్లలో ఇంకో చిక్కుంది: లోహం రంధ్రాల్లో ఆయిల్ ఇంకి ఉంటుంది, రంగు వేశాక ఇంజిన్ వేడెక్కగానే అది బయటికి వచ్చి బుడగలు కడుతుంది. అందుకే రంగుకు ముందే ఒకసారి హీట్ గన్‌తో కవర్‌ని బాగా వేడి చేసి, చెమర్చిన జిడ్డును థిన్నర్‌తో తుడవాలి. వేడి చేసి పూర్తిగా చల్లారాకే తుడవాలి సుమా, వేడి లోహం మీద థిన్నర్ పెడితే మంటలే.

ఇప్పుడు టేపు. గ్యాస్కెట్ గాడి, స్పార్క్ ప్లగ్గులు దిగే ట్యూబుల సీళ్లు కూర్చునే గుండ్రాలు, ఆయిల్ మూత అంచు, సెన్సర్ రంధ్రాలు, ఇవన్నీ మూసేయి. బోల్టు తల ఆనే చోటు కూడా. చాలామంది దాన్ని వదిలేస్తారు. అక్కడి మందపు రంగు వేడికి మెత్తబడి నలిగిపోతుంది, బోల్టు పట్టు వదులవుతుంది. లోపలి వైపు ఒక్క చుక్క కూడా పడకూడదు. పెచ్చు లేచిన రంగు ఆయిల్ పంపు జల్లెడలో ఇరుక్కుంటుంది.

రింకిల్ పెయింట్ ఎలా వేయాలో డబ్బా మీద ఉన్నదే ప్రమాణం. మామూలుగా మందపు పొరలు మూడు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా, ఒకటి ఏటవాలుగా, మధ్యలో 5 నిమిషాల చొప్పున. పొర పలచనైతే ముడత రాదు. మిగతా రంగుల్లా పలచగా కొట్టే అలవాటు ఇక్కడ మానుకోవాలి. వేడి తగిలితే ముడతలు చిన్నగా, ఒకే తీరుగా వస్తాయి. వంట చేసుకునే ఒవెన్‌లో మాత్రం పెట్టొద్దు. హీట్ గన్‌ని దూరం నుంచి ఆడిస్తూ ఉంటే చాలు.

ఇంకో సభ్యుడు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నా కారుకి నల్ల ప్లాస్టిక్ కవర్ ఉంది. దానికీ ఇలాగే వేయొచ్చా?

మరో సభ్యుడి జవాబు

వద్దండీ. రిమూవర్ ప్లాస్టిక్‌ని పాడుచేయొచ్చు, హీట్ గన్ వంకర తిప్పేస్తుంది. పైగా అలాంటి కవర్లలో చాలావాటికి పీసీవీ (ఇంజిన్ ఆవిరిని తిరిగి లోపలికి పంపే వాల్వ్) పొర లోపలే ఉంటుంది. అది పాడైతే కవర్ మొత్తం మార్చాలి.

ఇంకొకరి జవాబు

బిగించేటప్పుడు గ్యాస్కెట్ చుట్టూ సిలికాన్ సీలెంట్ ఒక గీతలా వేసేయండి, ఇక కారే ప్రశ్నే ఉండదు. మా మెకానిక్ ఎప్పుడూ అలాగే వేస్తాడు.

మొదటి జవాబు ఇచ్చినవారు

ఈ ఒక్క విషయంలో గట్టిగా కాదంటాను అండీ. రబ్బరు గ్యాస్కెట్ పొడిగా, శుభ్రంగా ఉన్న గాడిలో కూర్చోవాలి. చుట్టూ సీలెంట్ పూస్తే బిగించేటప్పుడు గ్యాస్కెట్ జారుతుంది, లోపలికి పిండుకున్న సిలికాన్ తెగి ఆయిల్‌లో తిరుగుతుంది. పైగా తర్వాత కవర్ విప్పేవాళ్లకి నరకం. సీలెంట్ కావాల్సింది కొన్ని చోట్లే: హెడ్‌కీ టైమింగ్ కవర్‌కీ మధ్య అతుకు ఉన్నచోట, క్యామ్ చివర అర్ధచంద్రాకారపు మూలల్లో. అక్కడ ఒక్కో చుక్క. పాత సీలెంట్‌ని ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకి, బ్రేక్ క్లీనర్ తడిపిన గుడ్డతో తుడిచాకే వేయండి. వేశాక పొర కట్టేలోపే కవర్ కూర్చోబెట్టాలి. ప్లగ్ ట్యూబుల సీళ్లు, బోల్టుల కింది రబ్బరు వాషర్లు కూడా కొత్తవే వేయండి. గట్టిపడిన వాషర్లు ఉంచేసి గ్యాస్కెట్ మాత్రం మార్చడం వల్ల మళ్లీ కారే కవర్లు చాలా ఉన్నాయి.

బిగింపు మధ్య నుంచి అంచులకు, రెండు మూడు విడతలుగా. ఈ బోల్టులకు టార్క్ (బిగించే బలం) చాలా తక్కువ. ఎన్నో కార్లలో 8 నుంచి 12 న్యూటన్ మీటర్ల మధ్యే ఉంటుంది, మీ ఇంజిన్‌కి ఎంతో సర్వీస్ మాన్యువల్‌లో చూడండి. చక్రాల నట్లు బిగించే పెద్ద టార్క్ రెంచ్ దీనికి పనికిరాదు, అంత తక్కువలో క్లిక్ తెలియదు, తెలిసేలోపు హెడ్‌లో మర పోతుంది. కొన్ని బోల్టులకు మెడ దగ్గర మెట్టు ఉండి అంతవరకే దిగుతాయి. అవి ఆగాక ఇంకా తిప్పొద్దు.

ఇంకొకటి. పాత ఫోటోల్లో కవర్‌కి బిగించిన ఎర్త్ వైరు ఏదైనా ఉందేమో చూసుకోండి. కొన్ని ఇంజిన్లలో కాయిల్స్ ఎర్త్ కవర్ నుంచే వెళ్తుంది. ఆ చోట కొత్త రంగు ఉంటే కరెంటు సరిగా పోదు, ఇంజిన్ మిస్ ఫైర్ కొడుతుంది. అంత మేరకు రంగు గీకి మెరిసే లోహం మీదే వైరు బిగించండి.

అడిగినవారు

ఈ బోల్టు ఆనే చోటు, ఎర్త్ వైరు సంగతి అసలు ఊహించలేదు. చివరిగా ఒకటే. అంతా బిగించాక వెంటనే స్టార్ట్ చేయొచ్చా? కారుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటి జవాబు ఇచ్చినవారు

వెంటనే వద్దండీ. సీలెంట్ ట్యూబు మీద ఆరడానికి ఎంతసేపని రాశారో అంతసేపూ ఆగండి, చాలావాటికి అది 24 గంటలు. రంగు గట్టిపడటానికీ ఆ సమయం పనికొస్తుంది.

స్టార్ట్ చేసే ముందు ఆయిల్ స్థాయి చూడండి, హెడ్ మీద కప్పిన గుడ్డ మీ చేతిలోనే ఉందో లేదో చూడండి. మొదటిసారి వేడెక్కినప్పుడు కొత్త రంగు వాసన కొంచెం వస్తుంది, కంగారు పడకండి. మాడిన ఆయిల్ వాసన వస్తే మాత్రం ఆపేయండి. బాగా కాలే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ గొట్టాలు) మీద చుక్క పడుతున్నట్టు లెక్క, అక్కడ మంట అంటుకునే ప్రమాదం ఉంది. మామూలుగా ఉంటే ఇంజిన్ పూర్తి వేడికి వచ్చేదాకా నడిపి, ఆపి, చల్లారాక తెల్ల టిష్యూ కాగితంతో కవర్ అంచు చుట్టూ తుడిచి చూడండి. వెనక మూలలు కంటికి కనపడవు కాబట్టి చేయి దూర్చి తుడవండి. కొన్ని రోజులు తిరిగాక ఒక కాయిల్ ఎత్తి ప్లగ్ బావిలోకి టార్చ్ వేసి చూడండి. పొడిగా ఉంటే సీళ్లు సరిగా కూర్చున్నట్టే. చెమ్మ కనిపిస్తే బోల్టులు ఇంకా బిగించకండి, కవర్ విప్పి ఆ సీల్ నలిగిందేమో చూసి మార్చండి.